బొమ్మకు గీతలెన్ని?

ఒక కథల పుస్తకమునందు చిత్రకారుడు రాజును చిత్రించెననుకొందము. తలపై రత్నములు పొదిగిన కిరీటము, చెవులకు కుండలములు, మెడలో పండ్రెండు పూసల హారము, భుజముపై జరీపూవుల ఉత్తరీయము, గుబురు మీసము, నడుమున వ్రేలాడు ఖడ్గము. రెండు దినములు కూర్చుండి వ్రాసిన ఆ బొమ్మ పుటకంతకును అందము తెచ్చును. కాని ఆ రాజును సింహాసనమునుండి లేపి నాలుగడుగులు నడిపింపవలెనన్నచో చిక్కు ఆరంభమగును.

సినిమాయందు సెకనుకు 24 చిత్రములు తెరమీద మారుచుండును. ఒక్కొక్క చిత్రమును ఫ్రేము అందురు. పది నిమిషముల సినిమాకు 14,400 ఫ్రేములు కావలెను. ఒకే బొమ్మను రెండేసి ఫ్రేములపాటు నిలిపినను కంటికి లోపము అంతగా తోచదు. అందుచేత చేతితో బొమ్మలు వ్రాయువారు తరచుగా సగముతో సరిపెట్టుకొందురు. అప్పటికిని 7,200 బొమ్మలు తప్పవు. రాజు మొదటినుండి కడవరకు తెరమీదనే ఉన్నచో అతని హారమునందలి పూసలను 86,400 సారులు వ్రాయవలసివచ్చును. పూసకు ఒక్క సెకను చొప్పున లెక్కించినను, అన్నము తినక, నిద్రింపక, ఒక పగలును ఒక రాత్రియు పూసలకే చెల్లిపోవును. ఇంక జరీపూవుల మాట చెప్పనేల?

కదలు బొమ్మల సినిమాలను తీసినవారు తొలినాటినుండియు ఈ లెక్కతోనే పోరాడిరి. అమెరికాలో విన్సర్ మెక్కే అను చిత్రకారుడు 1914లో గెర్టీ అను ప్రాచీన జంతువు బొమ్మను నడిపించి ప్రేక్షకులను ఆశ్చర్యపరచెను. ఆ సినిమాకు వేలకొలది బొమ్మలు వ్రాయవలసివచ్చెను. జంతువు వెనుకనున్న రాళ్లు కదలవు. ఐనను బొమ్మ వ్రాసిన ప్రతి కాగితముమీదను ఆ రాళ్లను మరల మరల వ్రాసిరి. అదే కాలమున అర్ల్ హర్డ్ అనునతడు పాత్రను పారదర్శకమైన సెల్యులాయిడు పలకపై వ్రాసి, కదలని దృశ్యమును దాని వెనుక వేరుగ నుంచు పద్ధతిని కనుగొనెను. దానితో రాళ్ల బాధ తీరినది కాని పాత్ర బాధ తీరలేదు.

పాత్రనే తేలిక చేసినవారిలో అబ్ ఐవర్క్స్ పేరు ముందుగ చెప్పదగినది. 1928లో వాల్ట్ డిస్నీతో కలిసి అతడు రూపొందించిన మిక్కీ ఎలుకను పరికించినచో తల ఒక వృత్తము, చెవులు రెండు వృత్తములు, దేహము మరియొక గుండ్రని ఆకారము, కాలుసేతులు గొట్టములు. తల ఎటు తిరిగినను చెవులు మాత్రము గుండ్రముగనే కనబడును. నిజమైన ఎలుక చెవి ప్రక్కనుండి చూచినపుడు సన్నబడవలెను. మిక్కీ చెవి సన్నబడదు. అది అబద్ధమే, కాని ప్రేక్షకుడు ఒప్పుకొన్న అబద్ధము. వృత్తమును వ్రాయుటకు చేయి తడబడదు. అందువలననే ఐవర్క్స్ మొదటి మిక్కీ సినిమాకు బొమ్మలను ఇంచుమించు ఒక్కడే వ్రాయగలిగెను. దినమునకు 700 బొమ్మలవరకు వ్రాసెనని ప్రసిద్ధి. మిక్కీ చేతికి నాలుగు వ్రేళ్లే యుండుటయు ఈ పొదుపులోనిదే. వ్రేలొకటి తగ్గినదని సామాన్యముగ ఎవరును గమనింపరు.

ఐతే అన్ని సమయములందును గీతలను తగ్గించుట సాధ్యమా? 1961లో డిస్నీ సంస్థ నూటయొక్క డాల్మేషియను కుక్కల కథను సినిమాగా తీసినది. డాల్మేషియను జాతికి మచ్చలే గుర్తు. మచ్చలు తీసివేసినచో అది వట్టి తెల్లకుక్క. కనుక తండ్రికుక్కకు 72, తల్లికుక్కకు 68, ఒక్కొక్క కూనకు 32 మచ్చలను లెక్క నిర్ణయించిరి. సినిమాయంతటను కలిపి అరువదినాలుగు లక్షలకు పైగా మచ్చలు పడినవని ఆ సంస్థవారే ప్రకటించిరి. చేతితో తిరిగి ఎత్తి వ్రాసినచో ఆ పని తెమలదు. అప్పుడు, మిక్కీని వృత్తములతో కూర్చిన ఆ ఐవర్క్సే, కార్యాలయములలో కాగితములకు నకళ్లు తీయు యంత్రమును సవరించి, చిత్రకారుని గీతలు నేరుగా సెల్యులాయిడుపై పడునట్లు చేసెను. ఒకచోట గీతను తగ్గించినవాడే మరియొకచోట గీతను కాపాడుటకు యంత్రమును తెచ్చెను.

టెలివిజను వచ్చిన పిమ్మట తొందర ఇంకను హెచ్చినది. టామ్, జెర్రీ సినిమాలను తీసిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరాలు పనిచేయుచున్న కార్టూను శాల 1957లో మూతపడినది. వారు సొంతముగ టెలివిజను కొరకు బొమ్మలు తీయ మొదలిడిరి. మునుపటి ధనమును లేదు, మునుపటి కాలమును లేదు. 1958లో వారు ప్రవేశపెట్టిన యోగి అను ఎలుగుబంటికి టోపీ, మెడపట్టీ, టై కలవు. అడవిలో తిరుగు ఎలుగుబంటికి మెడపట్టీ ఎందులకు? తల వేరు ముక్క, మొండెము వేరు ముక్క. యోగి మాటలాడునపుడు తల మాత్రమే మార్చి వ్రాయుదురు. మొండెము పాతదే నిలిచియుండును. ఆ రెండింటి అతుకు కనబడకుండ మెడపట్టీ కప్పివేయును. చూచువారికది వేషము, పనివారికది అతుకు.

కంప్యూటరు వచ్చినపిమ్మట ఈ లెక్క మారినది. ఈ మార్పును గుర్తింపక, పాతపద్ధతిలోవలె అన్ని గీతలను చెరిపివేయుట నేటి ప్రారంభకులు తరచుగ చేయు పొరపాటు.

మొదట కంప్యూటరు చేత నడిమి బొమ్మలను వ్రాయించుటకు యత్నించిరి. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో బర్ట్నిక్, వెయిన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆ విధానమును రూపొందించిరి. దాని సాయముతో పీటర్ ఫోల్డెస్ ‘ఆకలి’ అను అర్థము గల పేరుతో ఒక చిన్న సినిమా తీసెను; 1974లో కాన్ చిత్రోత్సవమున దానికి బహుమానము లభించినది. చిత్రకారుడు కదలిక యొక్క మొదటి బొమ్మను, చివరి బొమ్మను వ్రాసి ఇచ్చును. మధ్యనున్న బొమ్మలను యంత్రము లెక్కకట్టి పూరించును. ఐతే మొదటి బొమ్మలోని ఏ గీత చివరి బొమ్మలోని ఏ గీతగా మారవలెనో పొంతన కుదరవలెను. గీతలు పెరిగినకొలది పొంతన చిక్కుపడును. యంత్రమునకు కిరీటమేదో ముక్కేదో తెలియదుగదా!

నేడు రెండు కొలతల కంప్యూటరు చిత్రములలో విరివిగా వాడుకలోనున్న పద్ధతి వేరొకటి. అది తెలుగువారికి క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటయందు బొమ్మను ఒకే తోలుముక్కతో చేయరు. భుజము, మోచేయి, నడుము, మోకాలు మున్నగు చోట్ల ముక్కలను విడివిడిగా కోసి, దారముతో బిగించి, కీళ్లవలె ఆడునట్లు కూర్చుదురు. జర్మనీలో లోటె రైనిగర్ అను స్త్రీ నల్లని అట్టముక్కలను, సన్నని సీసపు రేకులను తీగెలతో కీళ్లుగా కట్టి, నీడబొమ్మలతో 1926లో ఒక గంటకు పైబడిన సినిమానే తీసినది. కంప్యూటరులోని బొమ్మయు అట్టిదే. తల ఒక పొర, మొండెము ఒక పొర, పైచేయి, ముంజేయి, అరచేయి వేరువేరు పొరలు. ఒక్కొక్కదానికి ఒక కీలు. బొమ్మను ఒకమారు కూర్చినపిమ్మట దానిని తిరిగి వ్రాయుట యుండదు. త్రిప్పుట, వంచుట, జరుపుటయే పని.

తోలుబొమ్మను దీపపు వెలుతురున చూచినవారికి ఒక సంగతి స్ఫురింపవలెను. ఆ బొమ్మకు ఆభరణములు తక్కువా? రంధ్రములు చేసి చెక్కిన హారములు, రంగురంగుల అంచులు, కిరీటముల నగిషీలు కోకొల్లలు. ఇన్ని అలంకారములున్నను ఆటగానికి వానివలన బరువు కలుగదు. చెక్కినది ఒక్కమారే, తరువాత ముక్కతోపాటు నగిషీయు కదలును. కంప్యూటరు బొమ్మకును ఇదే ధర్మము. ముక్కకు లోపలనున్న గీత ఉచితము. ముక్క ఆకారమును మార్పవలసివచ్చిన చోటనే వెల చెల్లింపవలెను. కనుక తేలికపరచువాడు గీతలు ఎక్కడ హెచ్చుగనున్నవని కాక, కదలునపుడు ఏది రూపు మారునని వెదకవలెను.

ఈ దృష్టితో మన రాజును మరల పరిశీలింపవచ్చును.

హారమునందలి పండ్రెండు పూసలు చేతిపనిలో శత్రువులు, ఇచ్చట నిరపాయములు. అవి రొమ్ము ముక్కపై ఒకమారు వ్రాయబడి దానితో కదలును. అయితే హారము నాభివరకు వ్రేలాడునదైనచో రాజు వంగినపుడు అది క్రిందికి జారి ఊగవలెను. ఊగనిచో బంకతో అంటించినట్లుండును. ఊగినచో ప్రతి అడుగునకు పని. కావున పూసలను తగ్గించుటకంటె హారమును కురుచ చేసి కంఠమునకు దగ్గరగా నుంచుట మేలు.

ఉత్తరీయము అట్లు కాదు. నిజమునకు బొమ్మలో అధికముగ శ్రమపెట్టునది అదియే. గుడ్డ నడకలో ఎగురును, కూర్చున్నచో కుప్పయగును, గాలికి మెలితిరుగును. ప్రతిసారియు దాని ఆకారము మారును. ఆకారము మారినప్పుడెల్ల పైనున్న జరీపూవులును వంకరలు పోవలెను. ముడుతలు కావలెనన్నచో పూవులను విడువవలెను; పూవులు కావలెనన్నచో ముడుతలను విడువవలెను. రెండును కోరినవాడు పని ముగింపలేడు. రాజునకు వంటికంటిన అంగీ తొడిగి, జరీయంతయు దాని అంచులకు తరలించుట ఒక ఉపాయము. అంచు గట్టిది, ముడుతపడదు.

ఇక కీళ్లు. మోచేయి వంచినపుడు పైచేతి ముక్కకును ముంజేతి ముక్కకును నడుమ సందు ఏర్పడును. అది రాకుండ రెండు ముక్కల చివరలను ఒకే కొలత గల వృత్తములుగా కోసి, ఒకదానిపై నొకటి పరచి, వృత్తకేంద్రముననే కీలు నిలుపుదురు. అప్పుడు ఎంత వంచినను సందు పడదు. ముక్కల చుట్టునున్న నల్లని గీత మోచేతివద్ద ఉంగరమువలె కనబడకుండ, చర్మపు రంగుగల చిన్న పేలిక వంటి ముక్కను దానిపై అతుకుదురు. మణికట్టునకు ఆ శ్రమయు అక్కరలేదు; రాజునకు కంకణము కలదు. యోగి మెడపట్టీ చేసిన పనినే కంకణము చేయును. ఆభరణములన్నియు బరువేయని ఆరంభముననే తీసివేసినవాడు ఈ సదుపాయమును పోగొట్టుకొనును.

ఖడ్గముతో వచ్చు చిక్కు వేరు. రాజు కుడివైపు నడచుటకు ఒక బొమ్మను కూర్చినచో ఎడమవైపు నడచుటకు దానినే అద్దములో ప్రతిబింబమువలె త్రిప్పి వాడుకొందురు. ముందు, వెనుక, ప్రక్క, వాలు ముఖము అని చూపులు లెక్కించినచో మొత్తము ఎనిమిది కాగా, ఇట్లు త్రిప్పుటవలన అయిదు వ్రాసిన చాలును. ఐతే ఎడమ నడుమునకు కట్టిన కత్తి త్రిప్పగనే కుడి నడుమునకు చేరును. ఆస్థానములో రాజు ఇటు తిరిగినపుడు కుడిచేతివాడు, అటు తిరిగినపుడు ఎడమచేతివాడు అగును! ఒకవైపు పాపిట, ఒకే భుజముపై పతకము, ఒక బుగ్గపై పుట్టుమచ్చ మొదలగునవి అన్నియు ఇట్టివే. కథకు అవసరమైనవి తప్ప తక్కినవి విడుచుట మంచిది. యుద్ధఘట్టమున కత్తిని చేతికి ఇచ్చిన సరిపోవును.

కిరీటము విషయమున జపానువారి మార్గము అనుసరింపదగినది. ఒసాము తెజుకా సృష్టించిన ఆటమ్ అను యంత్రబాలుని కథ 1963 జనవరి 1న టెలివిజనులో ఆరంభమై, 1966 చివరివరకు వారమువారము ప్రసారమైనది. ఆ బాలుని తలపై జుట్టు రెండు కొమ్ములుగా నిలిచియుండును. తల ఎటు త్రిప్పినను రెండు కొమ్ములును విడివిడిగా కనబడుచునే యుండును. మిక్కీ చెవుల ఉపాయమే ఇది. అట్లే రాజు కిరీటమునకు మూడు కోణములుంచి, ఏ దిక్కునుండి చూచినను మూడును కనబడునట్లు వ్రాసినచో, రత్నములు చుట్టు తిరిగి వెనుకకు పోవు లెక్క తప్పును.

నోటి సంగతి తెలుగు వ్యాకరణము చదివినవారికి సులభముగ బోధపడును. అక్షరములు ఏబదికి పైబడియున్నను పెదవుల ఆకారములు అన్ని లేవు. ప, ఫ, బ, భ, మ అను ఓష్ఠ్యములకు పెదవులు మూసికొనును. అయిదింటికి ఒకే బొమ్మ. అ, ఆ లకు నోరు తెరచుకొనును. ఇ, ఈ, ఎ, ఏ లకు పెదవులు సాగును. ఉ, ఊ, ఒ, ఓ లకు గుండ్రబడును. వకారమునకు పైపండ్లు క్రింది పెదవిని తాకును. కకారాదులలో నాలుక చేయు పని లోపలనే జరుగును గనుక బయటికి అంతగా కానరాదు. ఏడెనిమిది నోళ్లు వ్రాసి యుంచుకొన్నచో రాజు ఎంత ప్రసంగమైనను చేయగలడు. పైగా అతని గుబురుమీసము పైపెదవిని కప్పుచున్నది. ఆ మీసమును తీయుట తెలివితక్కువ. అది పనిని తగ్గించుచున్నది, రాజును రాజుగ నిలుపుచున్నది.

ఇట్లు తగ్గించిన రూపము దరిద్రముగ నుండునను భయము కొందరికి కలదు. ఆ భయము నిరాధారము కాదు. 1960 తరువాతి టెలివిజను బొమ్మలలో చాలవానియందు పాత్రలు కదలుట మాని వట్టి నోళ్లు మాత్రమే ఆడించెను. చక్ జోన్స్ అను ప్రసిద్ధ దర్శకుడు వానిని బొమ్మలుగల రేడియోగా ఎంచి ఎగతాళి చేసెను. ఆ విమర్శలో న్యాయమున్నది. ఐతే తప్పు గీతల తగ్గింపుది కాదు. మిగిలిన కాలమును కదలికకు వెచ్చింపకపోవుటది. 1950లో వచ్చిన ‘జెరాల్డ్ మెక్‌బోయింగ్ బోయింగ్’ అను చిన్న సినిమాలో నేలకు, గోడకు నడుమ గీతయైనను కనబడదు. పిల్లవాడు నాలుగు గీతలతో నిలుచును. ఐనను తన నోట మాటకు బదులు చప్పుళ్లు మాత్రమే వచ్చుచున్నందున ఇల్లు విడిచిపోవు ఆ బాలుని చూచి ప్రేక్షకుల మనస్సు కరగినది. దానికి ఆస్కారు బహుమానము కూడ లభించినది. అచ్చట తగ్గించినది గీతలనే. నడక తీరును, తల వాలిన తీరును తగ్గింపలేదు.

బ్రిటనులో 2004లో మొదలైన పెప్పా అను పందిపిల్ల కథలలో పాత్ర ముఖము ఎప్పుడును ప్రక్కకే తిరిగియుండును. ఐనను రెండు కన్నులును ఒకే చెంపపై కనబడును. వాలు ముఖము వ్రాయు శ్రమ అంతయు ఒక్క దెబ్బతో పోయినది. హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ‘ఛోటా భీమ్’ 2008లో ప్రసారము మొదలైనది. అందలి భీముని రొమ్ముపై వస్త్రము లేదు, నడుమున ధోవతి కలదు. పల్లెటూరి బలశాలియగు బాలునికి ఆ వేషము తగును. చొక్కా ముడుతల పనియు లేదు. రెండు ప్రయోజనములును ఒకచోట కలిసినపుడు రూపకల్పన కుదిరినదనవచ్చును.

ఏది తీయవలెను, ఏది ఉంచవలెను అను సందేహము ఎంతకును తీరనపుడు చిత్రశాలలలో రెండు పరీక్షలు చేయుదురు. బొమ్మనంతటిని నల్లరంగుతో నింపి నీడగా చూచుట ఒకటి. నీడను చూచి ఎవరో పోల్చుకొనగలిగినచో రూపము నిలిచినట్లు. రాజు, మంత్రి, సేనాపతి మువ్వురును ఒకే నల్లని ముద్దగ కనబడినచో లోపలి గీతలు ఎన్ని యున్నను వ్యర్థము. రెండవ పరీక్ష ఇంకను సులువైనది. బొమ్మను కొంతమందికి క్షణకాలము చూపి, దాచివేసి, జ్ఞాపకమునుండి వ్రాయుమని అడుగుదురు. మన రాజుకు ఈ పరీక్ష పెట్టినచో కుండలములను వ్రాయువారు అరుదు. పూసలు ఎవరి బొమ్మలోనైన వచ్చినను అయిదో ఆరో వచ్చును. కత్తిని కొందరు కుడివైపున, కొందరు ఎడమవైపున వ్రాయుదురు. చేయి తిరగని పిల్లవాడు వ్రాసిన వంకర బొమ్మలో సైతము మూడు కోణముల కిరీటమును, దాని క్రింద ఆ మీసమును ఉండును.